ఎడ్లు అమ్మకముందే అడగాల్సింది

సభాధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, నా చేత దెబ్బలు తిన్న పిల్లలకు నమస్కారం. మీకు యాభై దాటాయి, అయినా నాకు పిల్లలే. శాలువా కప్పారు, సంతోషం. బడి ముచ్చట్లు చెప్పమన్నారు. అవి భోజనాల దగ్గర చెప్పుకుందాం.

మీతో ఏడో తరగతి దాకా చదివి మానేసినవాడొకడు ఇవాళ రాలేదు. పేరు చెప్పను, నామోషీ పడతాడు. సొంతం రెండెకరాలు, కౌలు మూడెకరాలు. పోయినేడు పత్తి ఏరుతూ ఆయాసంతో గట్టు మీద కూలబడ్డాడు. గుండె కవాటం చెడిపోయింది, మార్చాలన్నారు. పట్నంలో ఒక ఆసుపత్రి, పేరెందుకులెండి, ముందు డబ్బు కట్టమంది. కార్డుందా అని ఒక్కరు అడగలేదు. వీడూ చెప్పలేదు. ఎడ్ల జత అమ్మాడు. నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చాడు. అంతా పరీక్షలకూ మంచం అద్దెకూ పోయింది. ఆపరేషన్ మాత్రం కాలేదు.

నా దగ్గరికొస్తే అడిగాను, రేషన్ కార్డు లేదట్రా అని. "ఉంది సార్, బియ్యానికి" అన్నాడు. బియ్యానికి! ఒరే, ఆ కార్డు మీదే ఉచితంగా వైద్యం చేయించే ఆరోగ్యశ్రీ 2007లో మొదలైన మూడు జిల్లాల్లో మన పాలమూరు ఒకటి. 2023 డిసెంబరు నుంచి మన తెలంగాణలో కుటుంబానికి ఏడాదికి 10 లక్షల దాకా వైద్యం ఖర్చు భరిస్తున్నారు. 104కి ఫోన్ చేస్తే ఏ ఆసుపత్రికి పోవాలో చెబుతారు. అక్కడ దారి చూపడానికి ఆరోగ్యమిత్ర అని ఒకరు ఉంటారు. ఇదంతా వాడికి తెలియదు. ఎట్లా తెలుస్తుంది? అక్బరు తాత పేరు బట్టీ పట్టించాను నేను, దరఖాస్తు నింపడం నేర్పలేదు. తప్పు నాదీ ఉంది.

ఆపరేషన్ అయింది, కార్డు మీదే. బతికాడు. నేను అనేది ఆ తర్వాతి సంగతి. భార్య ఆసుపత్రిలో ఉంటే గేదెకు గడ్డి ఎవరు వేయాలి? చేలో పత్తి వానకు తడిసింది. లోహపు కవాటం పెట్టారు కనుక రక్తం పలచబడే మాత్ర జీవితాంతం వేసుకోవాలి, మధ్యమధ్య రక్త పరీక్ష, దానికి పట్నం బస్సు. వడ్డీ ఆగుతుందా? ఎడ్లు తిరిగొస్తాయా?

అవునూ, ఆ గేటు దగ్గర నా ఫ్లెక్సీకి ఎంతయిందిరా? నవ్వకండి, నిజంగానే అడుగుతున్నా. నా మొహం అంత పెద్దది చూసి ఎవరికి లాభం?

అధ్యక్షా, గంట కొట్టకండి, ఐపోయింది. పట్నంలో ఉన్నవాళ్లు ఇద్దరు మీ ఫోన్ నంబర్లు పంచాయతీ గోడ మీద రాయించండి. ఊళ్లో ఎవరికి ఆపరేషన్ అన్నా, ఎడ్ల బేరగాడికంటే ముందు మీకు ఫోన్ రావాలి. ఇదిగో, ఇట్లాంటివాళ్లకు చందా రాయడానికి నోటు పుస్తకం తెచ్చాను. మొదటి పేరు నాది, ఐదువేలు, పోయిన నెల పెన్షన్‌లోంచి. కిందికి దిగుతున్నాను. అమెరికావాడా, ఫొటోలు తర్వాత, ముందు నువ్విటు రా.