లినక్స్‌లో ఆడిన ప్రోగ్రాం పక్క సిస్టమ్‌లో ఎందుకు మొరాయిస్తుంది?

(తెర మీద: ఖాళీ టెర్మినల్)

నమస్తే, విజయనగరం నుంచి మాట్లాడుతున్నాను. ఇక్కడి ఇంజనీరింగ్ కుర్రాళ్లు తరచూ అడిగే డౌటు ఇది: "అన్నా, ఇంట్లో లినక్స్‌లో బాగానే ఆడిన ప్రోగ్రాం ల్యాబ్‌లో విండోస్ మీద సిగ్‌విన్‌లో ఎందుకు మొరాయిస్తోంది? రెండూ పోసిక్సే కదా?"

సిగ్‌విన్ అంటే విండోస్ మీద యూనిక్స్ తరహా ప్రోగ్రాములు నడవడానికి వీలు కల్పించే పొర. పోసిక్స్ అంటే యూనిక్స్ తరహా సిస్టమ్‌లు ఒకే తీరుగా నడవాలని రాసిన నియమాల పుస్తకం. 1988లో ఐఈఈఈ అనే ఇంజనీర్ల సంస్థ ప్రమాణంగా వచ్చింది. ఏ ఫంక్షన్ ఏం చెయ్యాలి, కుదరకపోతే ఏ పేరున్న ఎర్రర్ ఇవ్వాలి అన్నది అందులో ఉంటుంది. ఆ ఎర్రర్ నంబరెంత, కెర్నెల్‌లో, అంటే సిస్టమ్ గుండెకాయలో, సిస్టమ్ కాల్ (ప్రోగ్రాం కెర్నెల్‌ని అడిగే పని) నంబరెంత అన్నవి దానికి పట్టవు. అసలు తంటా అక్కడే.

(తెర మీద: రెండు వరుసలు, 11, 35)

సిగ్‌విన్ కంటే ముందు ఇంకో ఉదాహరణ చూద్దాం. ఫ్రీబీఎస్‌డీ అనే మరో యూనిక్స్ తరహా సిస్టమ్‌లో ఒక లినక్స్ పొర ఉంది. లినక్స్ కోసం కంపైల్ చేసిన ప్రోగ్రాంని అలాగే నడుపుతుంది. లినక్స్‌లో 11 అంటే "ఇప్పుడు కాదు, మళ్లీ అడుగు". 35 అంటే "డెడ్‌లాక్", అంటే ఒకరి కోసం ఒకరు ఆగి ఇరుక్కుపోవడం. ఫ్రీబీఎస్‌డీలో సరిగ్గా తిరగేసి ఉంటాయి! ఇచ్ఛాపురంలో ఒడియా కొనుగోలుదారుకి, తెలుగు షావుకారికి మధ్య మాట చేరవేసేవాడు "కాసేపాగి రండి" అన్నదాన్ని "బేరం చెడింది" అని చెప్పినట్టే. అందుకే ఆ పొర తిరిగొచ్చే ప్రతి ఎర్రర్ నంబర్‌నీ పట్టిక చూసి మారుస్తుంది.

ఇంకో తమాషా. డైరెక్టరీ (ఫోల్డర్) మీద అన్‌లింక్ (ఫైల్ పేరు చెరిపే ఫంక్షన్) కొడితే, అది కుదరని చోట పోసిక్స్ ఇమ్మనేది "అనుమతి లేదు" అనే ఎర్రర్. లినక్స్ ఇచ్చేది "ఇది డైరెక్టరీ" అనే ఎర్రర్. మరి లినక్స్ పొర ఎవరి మాట వినాలి? నన్నడిగితే లినక్స్ మాటే. పోసిక్స్ పుస్తకం ప్రకారం పోతే, "ఇది డైరెక్టరీ" అన్న ఎర్రర్ కోసం చూసే లినక్స్ ప్రోగ్రాం దారి తప్పుతుంది.

సిగ్‌విన్ దారి వేరు. సోర్స్‌ని దానికోసం మళ్లీ కంపైల్ చెయ్యాలి, కాబట్టి నంబర్ల గొడవ తక్కువ. దాని టెన్షనంతా కింద ఉన్న విండోస్‌తోనే. యూనిక్స్‌లో తెరిచి ఉన్న ఫైల్‌ని చెరిపేస్తే పేరు వెంటనే పోతుంది, తెరిచినవాళ్లు మూసేదాకా లోపలి డేటా ఉంటుంది. విండోస్‌లో మామూలుగా అలా కుదరదు, "ఫైల్ వాడకంలో ఉంది" అంటుంది. విండోస్ 10 రోజుల్లో పోసిక్స్ తరహా డిలీట్ వచ్చాక కాస్త నయం.

ఫోర్క్, అంటే నడుస్తున్న ప్రోగ్రాం తనలాంటి ఇంకో కాపీని పుట్టించడం, అయితే మరీ కష్టం. మామూలు విండోస్ ప్రోగ్రాములకు ఆ సదుపాయమే లేదు. సిగ్‌విన్ కొత్త ప్రాసెస్ పుట్టించి, పాతదాని మెమరీని అందులోకి కాపీ చేస్తుంది. కంపైల్‌కి ముందు సిస్టమ్‌ని పరీక్షిస్తూ చిన్న చిన్న ప్రోగ్రాములు బోలెడు నడిపే కాన్ఫిగర్ స్క్రిప్టులు నత్తనడక నడిచేది అందుకే.

విండోస్‌లో లినక్స్ ప్రోగ్రాములు నడపడానికి మైక్రోసాఫ్ట్ 2016లో తెచ్చిన డబ్ల్యూఎస్ఎల్ మొదటి వెర్షన్ కూడా, ఫ్రీబీఎస్‌డీ పొరలాగే, సిస్టమ్ కాల్స్‌ని అనువదించేదే. 2019లో ప్రకటించిన రెండో వెర్షన్‌లో ఆ దారి వదిలి, వర్చువల్ మెషీన్‌లో నిజమైన లినక్స్ కెర్నెల్‌నే పెట్టారు.

(తెర మీద: కోడ్)

మీ కోడ్‌లో 11 అని ఉంటే కొట్టేసి ఎర్రర్ పేరు రాయండి. ఫైల్‌ని మూసేశాకే చెరపండి. ఫోర్క్ చేసి వెంటనే ఎగ్జెక్ (ఆ కాపీలో వేరే ప్రోగ్రాం ఎక్కించడం) చేస్తుంటే, దాని బదులు కొత్త ప్రోగ్రాంని ఒకే పిలుపుతో మొదలుపెట్టే పోసిక్స్ స్పాన్ వాడి చూడండి. అది కూడా ప్రమాణంలో ఉన్నదే, సిగ్‌విన్‌లోనూ ఉంది.