చెరో సగం: స్విచ్ అనే ఆటపెట్టె

శ్రోతలకు నమస్కారం.

సాయంత్రం ఏడు దాటాక మన ఇళ్ళలో టీవీ ఎవరి చేతిలో ఉంటుందో చెప్పక్కర్లేదు. సీరియళ్ళు మొదలయ్యాక రిమోట్ అడిగే ధైర్యం పిల్లలకే కాదు, పెద్దవాళ్ళకూ ఉండదు. టీవీకి తగిలించి ఆడుకునే వీడియో గేమ్ పెట్టెకు ఇదే మొదటి చిక్కు. పెట్టె ఎంత గొప్పదైనా టీవీ ఖాళీ అయ్యేదాకా మూలన కూర్చోవాల్సిందే.

జపాన్‌లోని క్యోటోలో 1889లో పేకముక్కల వ్యాపారంగా మొదలైన నింటెండో సంస్థ ఈ చిక్కు మీద చాలాకాలం పనిచేసింది. 2012లో వీ యూ అనే పెట్టె తెచ్చింది. చేతిలో పట్టుకునే పలకలోనే తెర ఉండేది, టీవీ లేకుండానూ ఆడుకోవచ్చు. కానీ ఆ పలక పెట్టెకు కొద్ది మీటర్ల దూరంలోనే పనిచేసేది. గది దాటితే బొమ్మ తెగిపోయేది. కోటీ 35 లక్షల పెట్టెలు అమ్ముడయ్యేసరికి దాని కథ ముగిసింది. ఆ ఓటమిలోంచే 2017 మార్చి 3న స్విచ్ వచ్చింది. ఈసారి యంత్రం మొత్తాన్నీ తెర వెనకాలే పెట్టేశారు. ఇప్పటికి 15 కోట్లకు పైగా అమ్ముడైంది.

టీవీలో ఆడాలంటే దీన్ని డాక్‌లో పెట్టాలి. డాక్ అంటే, పెట్టెను నిలబెట్టే ప్లాస్టిక్ గూడు. అసలు బలమంతా అందులోనే ఉందని చాలామంది అనుకుంటారు. అందులో ఆట ఆడించే చిప్పేమీ లేదు. కరెంటు లోపలికి, బొమ్మ టీవీకి పంపడమే దాని పని. డాక్‌లో కూర్చోగానే కరెంటు నిండుగా అందుతుంది కాబట్టి యంత్రమే తన వేగం పెంచుకుంటుంది. చేతిలో 720 గీతల బొమ్మ చూపించేది, టీవీ మీద 1080 దాకా వెళ్తుంది. యంత్రాన్ని డాక్ నుంచి పైకి లాగితే ఒకటి రెండు సెకన్లలో అదే ఆట చేతిలోని 6.2 అంగుళాల తెరమీదకు వస్తుంది. కరెంటు కోతల ఊళ్ళలో దీని విలువ వేరే. టీవీ ఆరిపోయినా, యంత్రంలో బ్యాటరీ ఉంది కాబట్టి ఆట ఆగినచోటే ఉంటుంది.

అయితే ఈ పెట్టె తెచ్చిన అసలు మార్పు తెరలో లేదు, దాని రెండు పక్కలా ఉంది. జాయ్‌కాన్లు అని రెండు చిన్న చేతిపట్లు తెరకు అటూ ఇటూ తగులుకుని ఉంటాయి. వాటిని పైకి జార్చి ఊడదీసి, అడ్డంగా తిప్పి చెరొకటి పట్టుకుంటే ఇద్దరు ఆటగాళ్ళు తయారు. వెనకున్న కాలు తెరిచి తెరను బల్లమీద నిలబెడితే చాలు, టీవీ అక్కర్లేదు, ఇంకో ఫోనూ అక్కర్లేదు. ఇంట్లో నలుగురుంటే నాలుగు ఫోన్లలో నాలుగు మూలలు పట్టిన కాలంలో, ఒకే తెర ముందు ఇద్దరిని భుజం భుజం తగిలేలా కూర్చోబెట్టిన పరికరం ఇది. మారియో కార్ట్ 8 డీలక్స్ అనే కార్ల పందెం ఈ యంత్రం మీద అందరికంటే ఎక్కువ అమ్ముడైన ఆట కావడం కాకతాళీయం కాదు. అది ఒక్కరే కూర్చుని ఆడితే సగం రుచే. అందులో స్టీరింగ్ సాయం అనే సదుపాయం ఉంది. అది వేస్తే బండి రోడ్డు దిగదు కాబట్టి ఎప్పుడూ ఆడని అమ్మమ్మ కూడా మనవడితో పందెం వేయవచ్చు.

2020 మార్చి 20న యానిమల్ క్రాసింగ్ అనే ఆట కొత్త భాగం వచ్చింది. లాక్‌డౌన్‌లో ఇళ్ళకే పరిమితమైన జనం అందులోని దీవుల్లో పుట్టినరోజులు, పెళ్ళిళ్ళు చేసుకున్నారు. ఆ ఏడాది అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో జో బైడెన్ ప్రచార బృందం అందులో ఒక దీవినే తెరిచింది. తర్వాత మిగతా కంపెనీలూ చేతిలో పట్టి ఆడే పెట్టెల దారి పట్టాయి. 2022లో స్టీమ్ డెక్, 2023లో రాగ్ ఆలై వచ్చాయి. అవి చేతిలో పట్టే కంప్యూటర్లు, బలం ఎక్కువే. కానీ విడదీసి చెరో సగం పంచుకోవడం వాటిలో కుదరదు.

ఇక మన సంగతి. స్విచ్‌ను నింటెండో మన దేశంలో అధికారికంగా విడుదల చేయలేదు. విశాఖలో కనిపించేవన్నీ సింగపూర్ నుంచో దుబాయ్ నుంచో అమెరికా నుంచో బంధువుల సూట్‌కేసుల్లో, దిగుమతి దుకాణాల ద్వారా వచ్చినవే. దీనివల్ల మూడు సంగతులు. ఒకటి, ఇక్కడ కంపెనీ వారంటీ, సర్వీస్ సెంటర్ లేవు. రెండు, ఛార్జరు 100 నుంచి 240 వోల్టుల దాకా తట్టుకుంటుంది కాబట్టి ట్రాన్స్‌ఫార్మర్ కొనక్కర్లేదు, పిన్ను మార్చే చిన్న అడాప్టర్ చాలు. మూడు, ఆట నింపి అమ్మే చిన్న కార్డులకు దేశాల కట్టడి లేదు. జపాన్ కార్డూ అమెరికా కార్డూ ఒకే పెట్టెలో ఆడతాయి. కాకపోతే జపాన్ కార్డుల్లో కొన్నింటికి ఇంగ్లీషు ఉండదు, కొనేముందు చూసుకోవాలి.

తొంభైల్లో టీవీ గేమ్ క్యాసెట్లు స్నేహితుల మధ్య చేతులు మారినట్టే ఇప్పుడు ఈ కార్డులు తిరుగుతున్నాయి. డౌన్‌లోడ్ చేసిన ఆట ఖాతాకు అతుక్కుపోతుంది, కార్డు అలా కాదు. ఆడేశాక అమ్ముకోవచ్చు, అప్పివ్వవచ్చు. తపాలా బిళ్ళంత ఉంటుంది కాబట్టి చిన్నపిల్లలు మింగకుండా దానికి చేదు మందు పూశారు. నమ్మకం లేనివాళ్ళు నాలుక ఆనించి చూసుకుంటారు, ఒక్కసారే.

సెకండ్ హ్యాండ్ కొనేవాళ్ళు ముందు ఏ రకమో తెలుసుకోవాలి. లైట్ అనే చిన్న రకం టీవీకి తగలదు, చేతిపట్లు ఊడవు. అది కొని డాక్ కోసం తిరిగేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. మామూలు రకంలో పాతదీ కొత్తదీ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. యంత్రం మీది మోడల్ నంబరు చూడండి. హెచ్‌ఏసీ 001 అని మాత్రమే ఉంటే 2017 నాటిది, పక్కన బ్రాకెట్లో మైనస్ 01 ఉంటే 2019లో వచ్చిన బ్యాటరీ ఆదా రకం. బ్రెత్ ఆఫ్ ది వైల్డ్ లాంటి పెద్ద ఆట పాతదాంట్లో సుమారు 3 గంటలు, కొత్తదాంట్లో అయిదున్నర గంటలు నడుస్తుంది. ధర ఒకటే చెబితే ఏది తీసుకోవాలో మీకే తెలుసు.

తర్వాత వెనక మూత ఉబ్బిందేమో బల్లమీద పడుకోబెట్టి చూడండి. ఉబ్బితే బ్యాటరీ చెడింది, బేరమే వద్దు. ఆటల దుకాణం, అంటే ఈషాప్, తెరిచి చూడండి. తెరుచుకోకుండా నిషేధం తాలూకు ఎర్రర్ వస్తే ఆ యంత్రాన్ని దొంగ ఆటలకు వాడి ఉంటారు, ఇక ఆన్‌లైన్ పనికిరాదు. అమ్మేవాళ్ళ దగ్గరే డాక్ పెట్టి టీవీలో బొమ్మ తెప్పించుకోండి. టీవీలో బొమ్మ రాకపోతే బహుశా ఫోన్ ఛార్జరు పెట్టి ఉంటారు. డాక్‌కు 15 వోల్టుల, 2.6 ఆంపియర్ల ఛార్జరు కావాలి. సరైన ఛార్జరుతోనూ రాకపోతే దాన్ని గోడ నుంచీ డాక్ నుంచీ పీకి, అరనిమిషం ఆగి మళ్ళీ పెట్టండి. ముందు ఛార్జరు, తర్వాత టీవీకి వెళ్ళే హెచ్‌డీఎంఐ తీగ, చివర్లో యంత్రం.

చివరిగా స్టిక్ పరీక్ష. స్టిక్ అంటే చేతిపట్టు మీద బొటనవేలితో అటూ ఇటూ తిప్పే చిన్న పుల్ల. సెట్టింగుల్లో కంట్రోలర్లు, సెన్సర్ల భాగంలో స్టిక్ సరిచేసే తెర ఉంటుంది. ముట్టుకోకుండా ఒక నిమిషం చూడండి. చుక్క మధ్యలోంచి దానంతటదే జరిగితే అదే డ్రిఫ్ట్. అప్పుడు ఆటలోని పాత్ర తనంతట తాను నడవడం మొదలుపెడుతుంది. లోపల నల్లని కార్బన్ పూత మీద లోహపు కొసలు రాసుకుంటూ స్టిక్ స్థానాన్ని కొలుస్తాయి. ఆడినకొద్దీ పూత అరిగి, పొడి చేరి, కొలత తప్పుతుంది. అమెరికాలో దీనిమీద దావాలు పడ్డాయి, 2020లో కంపెనీ అధ్యక్షుడు షుంతారో ఫురుకావా క్షమాపణ చెప్పారు. మనకు సర్వీస్ లేదు కాబట్టి స్టిక్ మార్చడమే దారి. చేతిపట్టు వెనక నాలుగు స్క్రూలుంటాయి, వాటి తలలు మూడు రెక్కలవి, మామూలు స్క్రూ డ్రైవర్ పెడితే తల చెడిపోతుంది. మూతను గబుక్కున లాగకూడదు, లోపలి పల్చటి రిబ్బన్ తీగలు తెగుతాయి. రిబ్బన్ తీసేముందు దాని కొక్కెం పైకెత్తాలి. ఎలాగూ మారుస్తున్నారు కాబట్టి అయస్కాంతంతో కొలిచే హాల్ ఎఫెక్ట్ స్టిక్కులు వేయించుకోండి. వాటిలో రాపిడి లేదు, అరగడం లేదు.

సముద్రం పక్కన ఉన్నందుకు మనకు అదనపు శ్రద్ధ కావాలి. ఈ యంత్రాన్ని 5 నుంచి 35 డిగ్రీల మధ్యే వాడమని నింటెండో చెబుతుంది. విశాఖలో మే నెల మధ్యాహ్నం ఆ హద్దు దాటడం మామూలే. డాక్‌ను టీవీ షోకేస్ అరలో మూసిపెట్టకండి. వేడిగాలి యంత్రం నెత్తి మీదుగా బయటికి పోతుంది, పైన నాలుగు వేళ్ళ ఖాళీ ఉండాలి. ఏసీ గదిలోంచి వరండాలోకి తెచ్చినప్పుడు కాసేపు సంచిలోనే ఉంచి తర్వాత ఆన్ చేయండి, లేదంటే చల్లటి లోహం మీద తేమ పట్టేస్తుంది. బీచ్ రోడ్డులో కూర్చుని ఆడితే సన్నటి ఇసుక స్టిక్ అంచు కిందికి దూరుతుంది, డ్రిఫ్ట్ తొందరగా వస్తుంది. తెర పైభాగం ప్లాస్టిక్ కాబట్టి టెంపర్డ్ గ్లాస్ తప్పనిసరి. నెలల తరబడి వాడకపోతే ఆరునెలలకోసారైనా ఛార్జింగ్ పెట్టండి, పూర్తిగా ఎండిపోయిన బ్యాటరీ మళ్ళీ లేవకపోవచ్చు.

కిరండూల్ బండిలో అరకు వెళ్ళేవాళ్ళకు తెలుసు, ఘాట్ ఎక్కాక సొరంగం మీద సొరంగం, ఫోన్ సిగ్నల్ ఉండదు. స్విచ్ ఆటల్లో చాలావాటికి ఇంటర్నెట్ అక్కర్లేదు. దగ్గర దగ్గర కూర్చున్న ఎనిమిది యంత్రాల దాకా తమలో తామే కలుపుకుని పందెం వేయవచ్చు. దాదాపు నాలుగు గంటల ప్రయాణం కాబట్టి పాత రకం బ్యాటరీ దారిలోనే ఆగిపోవచ్చు. పవర్ డెలివరీ, అంటే ఎక్కువ వాట్లు ఇచ్చే పద్ధతి, ఉన్న టైప్ సీ పవర్ బ్యాంక్ కొనండి. 10,000 ఎంఏహెచ్‌ది ఒకటిన్నర సార్లు నింపుతుంది. పాత రకం 10 వాట్ల పవర్ బ్యాంక్ పెడితే పెద్ద ఆట తాగే వేగాన్ని అందుకోలేక బ్యాటరీ మెల్లగా దిగిపోవచ్చు.

ఈ యంత్రం మెనూల్లో భారతీయ భాష ఒక్కటీ లేదు. అయినా మన కథలు ఇందులోకి వచ్చాయి. పుణెలో తయారైన రాజీ అనే ఆట 2020 ఆగస్టులో మొదట దీని మీదే విడుదలైంది. కెనడాలోని తమిళ కుటుంబం వంటింటి గురించిన వెన్బా 2023లో వచ్చింది. ఉగాది పచ్చడి కలిపే ఆట ఒకటి ఎవరైనా చేస్తే బాగుండును.

2025 జూన్ 5న స్విచ్ 2 వచ్చింది. తెర 7.9 అంగుళాలు, చేతిపట్లు అయస్కాంతంతో అతుక్కుంటాయి. స్టిక్కులు మాత్రం హాల్ ఎఫెక్ట్‌వి కావు. పాత మైక్రో ఎస్‌డీ కార్డు దీంట్లో ఆటలకు పనికిరాదు, ఎక్స్‌ప్రెస్ రకమే కావాలి. డౌన్‌లోడ్ ఆటను కుటుంబ బృందంలో ఉన్నవాళ్ళకు రెండు వారాలపాటు అప్పివ్వవచ్చు. కార్డుల్లోనే కొత్త మెలిక ఉంది. కొన్ని కార్డుల్లో ఆట ఉండదు, తాళంచెవి మాత్రమే ఉంటుంది. దాన్ని పెట్టి ఆట మొత్తం ఇంటర్నెట్‌లో దింపుకోవాలి, ఆడినన్నాళ్ళూ కార్డు లోపలే ఉండాలి. అప్పివ్వవచ్చు గానీ, తీసుకున్నవాళ్ళు మళ్ళీ పదుల జీబీలు దింపుకోవాలి. డబ్బా ముందుభాగం అడుగున తాళంచెవి బొమ్మ ఉందో లేదో చూసి కొనండి. మన చేతుల్లోకి వచ్చేవన్నీ వెనక్కిచ్చే వీల్లేని దిగుమతి సరుకే.