పాట ఒకటి, చెవులు నాలుగు

శ్రోతలకు నమస్కారం.

మొన్న తిరుపతి స్టేషన్‌లో నారాయణాద్రి కోసం కూర్చున్నాం. మా అక్క పిల్లలిద్దరూ ఒక జత ఇయర్‌బడ్స్‌ని చెరొకటి పెట్టుకుని పాత పాట వింటున్నారు. కాసేపటికి చిన్నది మొహం ముడుచుకుంది. "మామా, నాకు తబలానే వినపడతా ఉంది. గొంతంతా వాడి చెవిలోకే పోతా ఉంది!" కొన్ని పాత స్టీరియో రికార్డింగుల తీరే అంత, గొంతు ఒక పక్క, వాయిద్యం ఒక పక్క.

దాని సంచిలోనూ హెడ్‌ఫోన్స్ ఉన్నాయి. కంపెనీ వేరు. వైర్ల కాలంలో అయితే ఒక పిన్నుకి రెండు మూతులున్న ముక్క తగిలిస్తే సరిపోయేది. బ్లూటూత్‌తో అలా కాదు. ఫోన్ పాటను చిన్న చిన్న ముక్కలుగా పంపుతుంటే, ఇయర్‌బడ్స్ ప్రతి ముక్కకీ "అందింది" అని బదులివ్వాలి. అంటే అది ఇద్దరి మధ్య ఫోన్ కాల్ లాంటిది. యాపిల్ 2019లో ఒక పాటను ఇద్దరు వినే దారి తెచ్చింది కానీ అది తమ ఎయిర్‌పాడ్స్‌కీ, బీట్స్‌కీ మాత్రమే. శాంసంగ్ ఫోన్లు కొన్ని రెండు హెడ్‌ఫోన్లకు పంపగలవు. మూడో మనిషికి చోటు లేదు.

బ్లూటూత్ ప్రమాణాలు రాసే సంస్థ 2022లో ఈ చిక్కు తీర్చే కొత్త పద్ధతికి 'ఆరాకాస్ట్' అనే పేరు ప్రకటించింది. ఇందులో ఫోనే చిన్న రేడియో స్టేషన్ అయిపోతుంది. నేనిప్పుడు మాట్లాడుతున్నాను, మీరు ఏ కంపెనీ సెట్టులో వింటున్నారో నాకు తెలియదు, మీరు బదులివ్వనక్కర్లేదు. అదే పద్ధతి. ఇద్దరు విన్నా, రెండు వందల మంది విన్నా ఫోన్‌కి శ్రమ ఒకటే. పక్కవాళ్లు వినకూడదనుకుంటే పాస్‌వర్డ్ పెట్టుకోవచ్చు.

నాకు పాటల కంటే ఇంకొకటి ముఖ్యం అనిపిస్తుంది. చెవి మిషన్లు కొన్ని కూడా దీన్ని అందుకోగలవు. తిరుపతిలోని మహతి ఆడిటోరియం లాంటి చోట ఒక ట్రాన్స్‌మిటర్ పెడితే, వెనక వరసలో కూర్చున్న తాతయ్యకి వేదిక మీద మాట నేరుగా చెవిలోనే పడుతుంది. "ఏమన్నాడూ?" అని పక్కవాళ్లని గిల్లే పని తప్పుతుంది.

కొనేటప్పుడు మాత్రం జాగ్రత్త. బ్లూటూత్ 5.3 అని ఉన్నంత మాత్రాన సరిపోదు. పంపే ఫోన్‌కీ, వినే హెడ్‌ఫోన్స్‌కీ రెండింటికీ ఆరాకాస్ట్ ఉండాలి.

మా పిల్లల దగ్గర రెండింటికీ లేదు. చివరికి రైలెక్కాక చిన్నదే తీర్పు చెప్పింది. "రేణిగుంట దాకా నేను తబలా వింటా. అది దాటినాక చెవులు మార్చుకోవాల, సరేనా?"