జరిగే తలుపు, కదిలే గోడ: సందులు మూసే పని

(శ్రీకాకుళంలో తాపీ, వడ్రంగి, అల్యూమినియం పనివాళ్లు, ఇళ్లు కట్టుకుంటున్నవాళ్లు కలిసి కూర్చున్న సభలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

స్లైడింగ్ తలుపు పెట్టించుకున్న ఏ ఇంట్లో అడిగినా రెండు ఫిర్యాదులు వినిపిస్తాయి. "ఏటి బాబూ, ఇంత డబ్బు పోసినా జల్లు లోపలికొచ్చేస్తోంది" అన్నది ఒకటి. తలుపు జరగడం లేదు, ఇద్దరు పట్టి తొయ్యాల్సి వస్తోంది అన్నది రెండోది. చాలాచోట్ల మొదటిదానికి చేసిన వైద్యం వల్లే రెండోది పుట్టింది. సందు కనబడగానే ఫోమ్ టేపు అతికిస్తారు. అయినా గాలి వస్తే దాని మీద ఇంకో పొర. ఆ తర్వాత సిలికాన్ ట్యూబు తెచ్చి కనిపించిన కన్నమల్లా నింపేస్తారు.

అసలు ఆ సందు ఎందుకు వదిలారో చూడాలి. రెండు మీటర్ల అల్యూమినియం ముక్క, వేడి 25 డిగ్రీలు పెరిగితే మిల్లీమీటరుకు కాస్త పైగా సాగుతుంది. యూపీవీసీ, అంటే కిటికీలకి వాడే గట్టి ప్లాస్టిక్ అయితే దాదాపు మూడు మిల్లీమీటర్లు. చెక్క తేమ పీల్చి ఉబ్బుతుంది. వానాకాలంలో పట్టేసిందని చిత్రిక పట్టిస్తే, ఎండాకాలం వచ్చేసరికి అక్కడ వెలుతురు కనిపిస్తుంది. అంటే ఖాళీ ఉండాల్సిందే. దాన్ని పూడ్చకుండా, కదిలినప్పుడు కాస్త లొంగే వస్తువుతో కప్పాలి. అలాగని దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు కూడా. రెండు మీటర్ల ఎత్తున మూడు మిల్లీమీటర్ల సందు ఉంటే మొత్తం 60 చదరపు సెంటీమీటర్లు. ఏసీ గదికి అంత కన్నం పెట్టుకుని కరెంటు బిల్లు చూసి బాధపడతాం.

ఏ వస్తువుతో కప్పాలన్నది అక్కడి కదలికను బట్టి ఉంటుంది. తలుపు పూర్తిగా మూసినప్పుడు దాని అంచు పక్క ఫ్రేముకి వచ్చి ఆనుతుంది. అక్కడ ఒరిపిడి లేదు, నొక్కుడే. బోలుగా ఉండే రబ్బరు గాస్కెట్ అయినా, ఫోమ్ అయినా అక్కడ పనిచేస్తుంది. రెండు రెక్కలు ఒకదాని పక్కనుంచి ఒకటి జరిగే చోట, పైనా కిందా ట్రాకు వెంట, రోజంతా ఒరిపిడే. అక్కడ ఫోమ్ వేస్తే కొన్నాళ్లకే చిరిగి ఉండలు కట్టి రోలర్‌కి అడ్డం పడుతుంది. ఆ చోటు బ్రష్ పట్టీది. షాపులో వూల్ పైల్ అని అడగండి, రోల్ చూపిస్తారు.

పేరులో ఊలు ఉన్నా అది పాలీప్రొపిలీన్ పోగు. వెంట్రుకల మధ్య ఇన్ని ఖాళీలుంటే గాలి ఎలా ఆగుతుందని అడుగుతారు. పూర్తిగా ఆగదు. దట్టమైన పోగుల్లో మలుపులు తిరుగుతూ గాలి జోరు చచ్చిపోతుంది, దుమ్ము అక్కడే చిక్కుకుంటుంది. పోగుల నడుమ పల్చటి ప్లాస్టిక్ రెక్క ఉన్న రకం కూడా దొరుకుతుంది. ధర కాస్త ఎక్కువైనా, సముద్రపు గాలి తిన్నగా తగిలే ఇళ్లకి నేను అదే వేయమంటాను.

కొలత దగ్గరే పని చెడుతుంది. పోగు ఎత్తు ఐదు నుంచి తొమ్మిది మిల్లీమీటర్ల దాకా రకరకాలుగా ఉంటుంది. సందు కంటే సుమారు ఒక మిల్లీమీటరు ఎక్కువున్నది చాలు. ఇంకా ఎత్తుది వేస్తే తలుపు మొరాయిస్తుంది, పోగు వంగిపోయి త్వరగా చస్తుంది. గాడిలో దూర్చాక చివర్లలో గాడిని కొద్దిగా నొక్కాలి, లేదా ఒక చుక్క జిగురు వేయాలి. లేకపోతే తలుపు జరిగిన కొద్దీ పట్టీ కూడా బయటికి పాకుతుంది. రబ్బరును సాగదీసి బిగించకండి. అది వెనక్కి ముడుచుకుని మూలల్లో ఖాళీ వదులుతుంది.

ఇవన్నీ కొనేముందు స్క్రూడ్రైవరు తియ్యండి. చాలా తలుపుల అడుగు మూలల్లో రోలర్‌ని ఎత్తి దించే స్క్రూ ఉంటుంది. తలుపు వంకరగా నిలబడితే పైన సందు, కింద పట్టు. దాన్ని నిటారు చేస్తేనే సగం ఇళ్లలో ఫిర్యాదు తీరిపోతుంది, పైసా ఖర్చు లేదు. తర్వాత సందులో కాగితం పెట్టి తలుపు మూసి లాగండి. కాస్త పట్టి వదిలితే సరిపోయింది. రెక్కలు కలిసే చోట ట్రాకులో పైనా కిందా చిన్న ప్లాస్టిక్ దిమ్మ ఉండాలి. తొందరలో దాన్ని మర్చిపోయేవాళ్లే ఎక్కువ, దోమలు మాత్రం మర్చిపోవు. దోమల మెష్ ఉన్నా అద్దం సగమే తెరిస్తే, రెండు అద్దాల మధ్య దారి ఉంటుంది. తెరిస్తే పూర్తిగా తెరవండి. ట్రాకులో నూనె, గ్రీజు వద్దు. మన ఇసుక, ఉప్పు గాలి కలిసి అది ముద్దవుతుంది.

ఇక తుపాన్ల మాట. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది. గంటకు 150 కిలోమీటర్ల గాలి చదరపు మీటరు మీద వంద కిలోలకు పైగా బరువుతో నొక్కుతుంది. ఆ ఒత్తిడి నీటిని పది సెంటీమీటర్లు పైకి నెట్టగలదు. మన మామూలు ట్రాకు లోపలి అంచు అందులో సగం కూడా ఉండదు. కాబట్టి తుపానులో నీళ్లు రావని చెప్పి పట్టీ అమ్మేవాడిని నమ్మకండి. తుపాను కన్ను, అంటే దాని నడిబొడ్డు, మన మీదుగా పోతే గాలి దిక్కు కూడా తిరగబడుతుంది, తూర్పు వైపు ఒక్కటే చూసుకుంటే చాలదు. మామూలు వానకి మాత్రం ట్రాకు బయటి అంచున ఉన్న చిన్న కన్నాలే దిక్కు. లోపల పడిన నీరు పోయేది వాటి గుండానే. పని పూర్తయ్యేటప్పుడు పనివాళ్లు అందంగా సిలికాన్ రాసి వాటినే మూసేస్తున్నారు. దయచేసి ఆ అలవాటు మానండి.

గోడకీ ఫ్రేముకీ మధ్య, పాత గోడ కొత్త గోడ కలిసే చోట వచ్చే చీలికకి సిమెంటు, లప్పం నిలవవు, అక్కడ కదలిక ఆగదు గనుక. ముందు ఫోమ్ తాడు లోపలికి నొక్కి, దాని మీద సీలెంట్, అంటే సిలికాన్ లాంటి సాగే పూత వేయాలి. సందు వెడల్పులో సగం లోతు చాలు. తాడు ఎందుకంటే, సీలెంట్ రెండు పక్కలనే పట్టుకోవాలి. అడుగున కూడా అంటుకుంటే సాగలేక చీలిపోతుంది. వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ సిమెంటుకి సరిగా అంటదు, న్యూట్రల్ రకం అడగండి. పైన రంగు వేయాలనుకుంటే పాలీయురథేన్ సీలెంట్ తీసుకోండి, సిలికాన్ మీద రంగు నిలవదు.

ఒక్కచోట మాత్రం చేతులు కట్టుకోండి. వంటగదిలో నేలకి దగ్గరగా ఉన్న గాలి కన్నాన్ని మూయొద్దు. వంటగ్యాస్ గాలికంటే బరువు, లీకైతే కిందే పేరుకుంటుంది. గ్యాస్ గీజరున్న స్నానాలగదికి కూడా గాలి రావాలి.

నాలుగు రకాల పోగు, ఫోమ్ తాడు, గాస్కెట్ ముక్కలు ఈ బల్ల మీద పెట్టాను. ఇంటి దగ్గర సందు కొలిచి తెచ్చినవాళ్లు ముందుకు రండి, మీకు సరిపడేది ఏదో చూద్దాం.