ఆరు కల్దార్లకు ఏడు హాలీలు

శ్రోతలకు నమస్కారం.

మన అలంపురం తుంగభద్రకు ఈ దరిన ఉంది. కర్నూలు ఆ దరిన ఉంది. ఇప్పుడు బస్సెక్కితే ఏరు దాటిన సంగతి కూడా సగం మందికి పట్టదు. నిజాం జమానాలో అట్లా కాదు. పుట్టిలో కూర్చొని ఆ దరికి పోతే రాజ్యం మారేది, దాంతోపాటే రూపాయి కూడా మారేది. ఇటు చెల్లేది హాలీ సిక్కా. అటు, ఇంగ్లీషువాళ్ళ మద్రాసు ప్రెసిడెన్సీలో చెల్లేది ఇంగ్లీషువాడి కల్దారు. రెండూ రూపాయలే, రెండూ వెండివే, రెంటికీ పదహారణాలే. కానీ రెండూ సమానం కావు.

లెక్క ఇదీ: ఆరు కల్దార్లకు ఏడు హాలీలు. మళ్ళీ చెప్తున్నాను, ఆరు కల్దార్లకు ఏడు హాలీలు. సర్కారు కాయితాల్లో దీన్నే కాస్త గంభీరంగా, వంద కల్దార్లకు 116 రూపాయల 10 అణాల 8 పైల హాలీ అని రాసేవాళ్ళు. అణాకు 12 పైల లెక్కన విప్పి చూస్తే అదీ ఆరూ ఏడే.

ఈ ఆరూ ఏడూ ఎక్కడివని అడిగితే నేను తక్కెడ వైపే చూపిస్తాను. పాత హాలీ రూపాయి తూకం సుమారు 11.18 గ్రాములు. అందులో నూటికి దాదాపు 82 పాళ్ళు వెండి. అంటే అసలు వెండి 9.14 గ్రాములు. కల్దారు తూకం 11.66 గ్రాములు, నూటికి దాదాపు 92 పాళ్ళు వెండి. అసలు వెండి 10.69 గ్రాములు. ఇప్పుడు ఆ తొమ్మిది చిల్లరను ఈ పది చిల్లరతో భాగించండి. ఇంచుమించు ఏడింట ఆరు వంతులు వస్తుంది. నాకైతే ఈ లెక్క చూసినప్పుడల్లా ముచ్చటేస్తుంది. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో వెండి కరువై ఇక్కడా అక్కడా రూపాయిలో వెండిని సగానికి దించారు. అయినా ఆరుకు ఏడు మాత్రం పోలేదు.

ఈ ఆరూ ఏడూ కుదరకముందు ఇంత నిలకడ లేదు. ఒకప్పుడు మన గద్వాల, వనపర్తి, నారాయణపేటల్లో కూడా నాణేలు కొట్టేవాళ్ళు. 1893లో ఇంగ్లీషువాళ్ళు తమ టంకశాలల్లో ప్రజలు తెచ్చిన వెండిని రూపాయలుగా కొట్టిచ్చే పని ఆపేశాక కల్దారు విలువ వెండిని విడిచి పైకి పోయింది, హాలీ వెనకబడింది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో చార్మినారు బొమ్మతో కొత్త రూపాయి తెచ్చి నిజాం సర్కారు మారకాన్ని గుప్పిట్లోకి తెచ్చుకుంది. ఆ రూపాయి మీ ఇంట్లో ఉంటే చార్మినారు వాకిట్లోకి తేరిపార చూడండి. మధ్యలో చిన్న ఉర్దూ అక్షరం ఉంటుంది. మీమ్ ఉంటే ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కాలంది, ఐన్ ఉంటే ఏడో నిజాం ఉస్మాన్ అలీఖాన్ కాలంది.

సరే, మళ్ళీ ఏటి దగ్గరికి పోదాం. ఈ దరి రైతు ఒకాయన పల్లికాయ తీసుకపోయి కర్నూలులో అమ్మాడనుకుందాం. దారిలో కరోడ్‌గిరి నాకాలో సుంకం కట్టాడు, ఆ బాధ వేరు. చేతికి 42 కల్దార్లు వచ్చినయి. కానీ ఊళ్ళో శిస్తు హాలీలోనే కట్టాలె. షావుకారు దగ్గరికి పోయి మార్చమంటాడు. ఆరుకు ఒకటి కలపాలి కాబట్టి 42కు ఏడు కలిపి 49 హాలీలు ఇయ్యాలె. షావుకారు ఏమంటాడు? "హాలీకీ కల్దారుకూ తేడా ఏడో వంతు గదా పటేలా" అని 42లో ఏడో వంతు ఆరు లెక్కగట్టి, 48 చేతిలో పెడతాడు. వినడానికి నిజంలాగే ఉంటుంది! హాలీ నుంచి కల్దారుకు పోయేటప్పుడు తీసేది ఏడో వంతే. కల్దారు నుంచి హాలీకి వచ్చేటప్పుడు కలిపేది ఆరో వంతు. తీసేటప్పుడు ఏడో వంతు, కలిపేటప్పుడు ఆరో వంతు. ఈ తిరకాసులోనే ఒక రూపాయి మాయం. దానిమీద వట్టం, అంటే మార్చినందుకు షావుకారు పట్టుకునే కోత, ఎట్లాగూ ఉంటుంది. చిన్న మొత్తాలకైతే చారాణ కోడికి బారాణ మసాలా అన్నట్టే.

1947 ఆఖరులో, ప్రస్తుతానికి ఉన్నది ఉన్నట్టే సాగనిద్దామని ఢిల్లీతో చేసుకున్న యథాతథ ఒప్పందం మీద సంతకాల తడి ఆరకముందే నిజాం సర్కారు ఇక్కడ భారత రూపాయి చెల్లదని ఆర్డినెన్సు తెచ్చింది. ఢిల్లీకి, హైదరాబాదుకు మధ్య అదొక పెద్ద తగవైంది. 1948 సెప్టెంబరులో పోలీసు యాక్షన్ జరిగింది. 1950 నుంచి భారత రూపాయి, హాలీ పక్కపక్కనే నడిచాయి, అదే ఆరుకు ఏడు లెక్కన. తర్వాత హాలీ వెనక్కి పోయింది. 1957 ఏప్రిల్ 1న నయా పైసలు వచ్చి అణాల లెక్క కూడా మారింది. పదేళ్ళలో ఇన్ని మార్పులు! మన ముసలివాళ్ళు నోటిలెక్కల్లో ఎందుకంత గట్టివాళ్ళో నాకు ఇక్కడే అర్థమవుతుంది.

ఇక పనికొచ్చే సంగతి ఒకటి. నల్లగొండ, పాలమూరు పల్లెల్లో చాలా ఇళ్ళల్లో సందుగలో పాత కొనుగోలు కాయితాలు, అప్పు పత్రాలు ఉన్నాయి. అన్నదమ్ముల్లో ఒకరు తాత ఆ చెలక 700కు కొన్నాడంటారు, ఇంకొకరు 600కే అంటారు. తగువు పెట్టుకోకముందు కాయితం తీయండి. రూపాయల పక్కన ఉస్మానియా సిక్కా అనిగానీ, దాని పొట్టిరూపం ఓ.ఎస్. అనిగానీ ఉంటే అది హాలీ. కల్దార్ అనిగానీ, బి.జి. (బ్రిటిష్ గవర్నమెంట్) అనిగానీ ఉంటే ఇంగ్లీషువాడి రూపాయి. 700 హాలీ అంటే 600 కల్దారే, కాబట్టి ఇద్దరూ నిజమే చెప్తూ ఉండొచ్చు. హాలీ అంకెను ఏడుతో భాగించి ఆరుతో హెచ్చవేస్తే సరిపోతుంది.

తేదీ కూడా చూసుకోండి. అక్కడ 1355 అని ఉంటే కంగారుపడొద్దు, అది ఫసలీ, అంటే నిజాం సర్కారు వాడిన సంవత్సరాల లెక్క. 590 కలపండి, 1945 వస్తుంది. ఆ ఏడు అక్టోబరులో మొదలైన సంవత్సరం అన్నమాట. కాయితం ఉర్దూలో ఉంటే, చదవగలిగిన పెద్దమనిషి ఊళ్ళో ఉన్నప్పుడే చదివించి, పక్కన తెలుగులో రాసి పెట్టుకోండి.

సెలవు. నమస్కారం.