నడిస్తే చాలదు, రహస్యం దాగాలి: మెసేజింగ్ కోసం ఎన్‌క్రిప్షన్ లైబ్రరీ

నమస్కారం అండీ. మన గుంటూరు మిర్చి యార్డునే తీసుకోండి. గుమస్తా చేతిలో పాత ఆండ్రాయిడ్ ఫోను, కమీషన్ వ్యాపారి బల్ల మీద విండోస్ కంప్యూటరు, ఎగుమతిదారు దగ్గర ఐఫోను. తేజ రకం ఏ రేటుకు మాట్లాడుకున్నారో ఆ ముగ్గురికే తెలియాలి. అలాంటి మెసేజింగ్ యాప్‌కి అడుగున ఉండే ఎన్‌క్రిప్షన్ లైబ్రరీ (మెసేజ్‌ని కీతో లాక్ చేసి, కీ ఉన్నవాళ్లకే తెరిచే కోడ్) మూడు చోట్లా ఒకేలా పనిచేయాలి. దాన్ని ఎలా కట్టాలో ఇవాళ మాట్లాడుకుందాం.

సైఫర్ (మెసేజ్‌ని లాక్ చేసే లెక్క) మాత్రం సొంతంగా తయారు చేయకండి. ఛాఛా20-పాలీ1305 అనే సైఫర్ తీసుకోండి: ఛాఛా20 మెసేజ్‌ని దాస్తుంది, పాలీ1305 దాన్ని దారిలో ఎవరైనా మార్చితే పట్టేస్తుంది. పాత ఫోన్ల ప్రాసెసర్లలో ఏఈఎస్ అనే మరో సైఫర్‌కి ప్రత్యేక ఇన్‌స్ట్రక్షన్లు ఉండకపోవచ్చు. ఛాఛా20కి కూడిక, ఎక్సార్ (రెండు బిట్లు వేరైతే 1, ఒకటే అయితే 0), బిట్లు తిప్పడం వస్తే చాలు, ఏ చిప్ మీదైనా వేగంగా నడుస్తుంది. 2013లో వచ్చిన లిబ్‌సోడియం అనే ఎన్‌క్రిప్షన్ లైబ్రరీలో ఇది సిద్ధంగా ఉంది. మీ లైబ్రరీని దాని మీద ఒక పొరగా కట్టండి. ఒక అంకెలోని బైట్లను ఒక్కో యంత్రం ఒక్కో వరసలో పెట్టొచ్చు, అందుకే ఒకటే మాట: స్ట్రక్చర్‌ని (కోడ్‌లో ఒకచోట కలిపి ఉంచిన డేటాని) మెమరీలో ఉన్నదున్నట్టు పంపొద్దు, ఒక్కో అంకెను మీరే బైట్లుగా విడదీసి ఎప్పుడూ ఒకే వరసలో రాయండి.

అసలు చిక్కు ర్యాండమ్ సంఖ్యల దగ్గర. కీలు పుట్టేది ఎవరూ ఊహించలేని ఈ సంఖ్యల నుంచే. 2006లో డెబియన్ అనే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌వాళ్లు ఓపెన్‌ఎస్ఎస్ఎల్ అనే ఎన్‌క్రిప్షన్ లైబ్రరీలో ఒక మార్పు చేశారు. మెమరీని తనిఖీ చేసే టూల్ హెచ్చరిస్తోందని కొన్ని లైన్లు తీసేశారు. దాంతో ర్యాండమ్‌కి ఆధారంగా ప్రాసెస్ నంబరు (నడిచే ప్రోగ్రాముకి సిస్టమ్ ఇచ్చే నంబరు) ఒక్కటే మిగిలింది. అది గరిష్ఠంగా 32,768. అంటే ఒక్కో రకం కీకి అన్నే కీలు, కూర్చుని అన్నీ పుట్టించి చూసేయొచ్చు. 2008 దాకా ఎవరూ గమనించలేదు. ఎందుకంటే ప్రోగ్రాములన్నీ చక్కగా నడిచాయి! 2013లో ఆండ్రాయిడ్‌లోనూ ర్యాండమ్ సరిగా మొదలుకాక, బిట్‌కాయిన్ వ్యాలెట్ల నుంచి డబ్బు పోయింది. అందుకే ర్యాండమ్‌ని ఆపరేటింగ్ సిస్టమ్‌నే అడగాలి. అది ఇవ్వకపోతే లైబ్రరీ అక్కడే ఆగిపోవాలి. గడియారం టైముతో సర్దుకుపోయే దారి కోడ్‌లో అసలు ఉండకూడదు.

విజయవాడలో ఇంజనీరింగ్ చదివే ఒక తమ్ముడు ఈమధ్య తన ప్రాజెక్టు చూపించాడు. వాడు వాడిన ఫంక్షన్ కీతో పాటు నాన్స్ కూడా అడుగుతుంది. నాన్స్ అంటే ప్రతి మెసేజ్‌కూ కొత్తగా ఉండాల్సిన సంఖ్య. "అన్నా, అక్కడ ఏం ఇవ్వాలో తెలియక అన్నీ సున్నాలు పెట్టా, బాగానే పనిచేస్తోంది" అన్నాడు. తప్పు ఆ తమ్ముడిది కాదండీ, తెలియనివాణ్ని అడిగిన ఆ ఫంక్షన్‌ది.

ఏమవుతుందో చూడండి. కీ, నాన్స్ కలిసి ఒక బైట్ల వరసను పుట్టిస్తాయి, దాన్ని మెసేజ్‌తో ఎక్సార్ చేస్తాం. కీ, నాన్స్ మారక రెండు మెసేజ్‌లకూ అదే వరస పడితే, వాటి సైఫర్‌టెక్స్ట్‌లను (లాక్ అయ్యాక వచ్చిన బైట్లను) ఒకదానితో ఒకటి ఎక్సార్ చేయగానే ఆ వరస ఎగిరిపోతుంది. మొదటి మెసేజ్ యార్డులో అందరికీ తెలిసిన ధర, రెండోది లోపలి బేరం అనుకోండి. మొదటిది తెలిసినవాడు కీ లేకుండానే రెండోది చదివేస్తాడు.

పోనీ నాన్స్‌గా ఒకటి, రెండు అని పెరిగే కౌంటర్ పెడదామంటే, ఫోను మార్చి పాత బ్యాకప్ తెచ్చుకున్న రోజున కౌంటర్ వెనక్కి వెళ్తుంది, వాడేసిన నాన్స్‌లే మళ్లీ పడతాయి. కాబట్టి అదే సైఫర్‌లో 24 బైట్ల పొడవైన నాన్స్ ఉండే రకం, ఎక్స్‌ఛాఛా20-పాలీ1305 తీసుకుని, నాన్స్‌ని లైబ్రరీయే ర్యాండమ్‌గా పుట్టించి మెసేజ్ ముందు అతికించాలి. యాప్ రాసేవాళ్లు ఇచ్చేది కీ, మెసేజ్, అంతే. సైఫర్ పేరు ఎంచుకునే ఆప్షన్ కూడా వద్దు.

కీ చెరపడంలోనూ ఒక మోసం ఉంది. పని అయ్యాక కీ ఉన్న మెమరీలో మెమ్‌సెట్ అనే ఫంక్షన్‌తో సున్నాలు నింపుతారు. ఆ మెమరీని తర్వాత ఎవరూ చదవట్లేదు కదా అని కంపైలర్ (కోడ్‌ని యంత్ర భాషలోకి మార్చే ప్రోగ్రాము) ఆ లైన్‌నే తీసేయొచ్చు, కీ అలాగే ఉండిపోతుంది. ఇలా తీసేయకుండా చెరిపేందుకు విండోస్‌లో సెక్యూర్‌జీరోమెమరీ ఉంది, మిగతా చోట్ల లిబ్‌సోడియం ఇచ్చే ఫంక్షన్ వాడండి.

ఇక పరీక్ష. 2018 నాటి ఆర్‌ఎఫ్‌సీ 8439 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రంలో ఛాఛా20-పాలీ1305కి పరీక్ష విలువలు ఇచ్చారు. వాటిని ఎమ్యులేటర్‌లో (కంప్యూటర్‌లో నడిచే నకిలీ ఫోన్‌లో) కాదు, మీకు దొరికిన అన్నింటికన్నా పాత ఫోన్‌లో నడపండి. ఆ ఫోన్‌లో లాక్ చేసిన మెసేజ్‌ని విండోస్‌లో తెరవండి. తర్వాత అందులో ఒక్క బిట్ మార్చి మళ్లీ ఇవ్వండి. లైబ్రరీ ఒక్క అక్షరం కూడా బయటపెట్టకుండా తిప్పి కొట్టాలి. కొట్టకపోతే విడుదల ఆపేయండి.