హాబిట్ సినిమాలు మూడూ పెద్ద తెర మీద: పీపాల సీను దగ్గరే నాకు మండింది

నమస్కారమండి, రాజోలు నుంచి మళ్ళీ మనమే. ముందే చెప్పేస్తున్నా, ఈ ప్రొజెక్టర్ కంపెనీవాళ్ళు ఉచితంగా పంపించిందే. ల్యూమెన్లు (అంటే వెలుగెంత అన్న లెక్క), పోర్టులు, ధర మీరు ఈపాటికి వేరే వీడియోల్లో చూసేసుంటారు, మళ్ళీ అప్పజెప్పను. బొమ్మ బాగుంది. మోషన్ స్మూతింగ్ అని, బొమ్మలో కదలికల్ని మరీ నున్నగా చేసేసేది ఒకటుంది, వెంటనే ఆపేయండి, సినిమా కాస్తా సీరియల్ అయిపోద్ది. అయితే దీనిమీద నేను వేసింది హాబిట్ మూడు భాగాలండి, చిక్కంతా అక్కడొచ్చింది.

హాబిట్ అంటే టోల్కీన్ అనే ఇంగ్లీషు రచయిత పుస్తకం, 1937లో వచ్చింది, 19 అధ్యాయాలు, అంతే. దర్శకుడు పీటర్ జాక్సన్ దాన్ని 2012, 2013, 2014ల్లో మూడు సినిమాలుగా సాగదీశాడు. ఆయనే తీసిన లార్డ్ ఆఫ్ ది రింగ్స్ మూడు సంపుటాల కథ, దానికి మూడు సినిమాలంటే న్యాయం. ఇది మాత్రం ఒక్క పులస తెచ్చి ఊరందరికీ పులుసు పెడతానన్నట్టుంది.

పీపాల సీనే చూడండి. పుస్తకంలో హీరో బిల్బో మాయ ఉంగరం పెట్టుకుని, ఎవరికీ కనపడకుండా, ఎల్ఫులనే అడవి జాతివాళ్ళ చెరలో ఉన్న పదముగ్గురు మరుగుజ్జుల్నీ ఏటి మీదుగా తప్పించడానికి ఖాళీ పీపాల్లో కుక్కుతాడు. చుట్టూ గడ్డి దూర్చి మూతలు బిగిస్తాడు. అంతా అయ్యాక చూసుకుంటే, మరి తనకి మూతేసేదెవరు? నీళ్ళల్లో ఓ పీపా పట్టుకుని వేలాడతాడు, పైకి పాకబోతే అది దొర్లిపోతుంది. ఒడ్డుకొచ్చాక మరుగుజ్జుల నాయకుడు థోరిన్ మహారాజుగారి గడ్డం నిండా తడి గడ్డి, కాళ్ళమీద నిలబడలేడు. బిల్బోకి జలుబు, మూడు రోజులు గుమ్మం దాటడు. ఎంత నవ్వుకున్నానో!

సినిమాలో మూతలే లేవండి! హోరుమనే నీళ్ళల్లో తెరిచిన పీపాలు, మధ్యలో ఓర్కులనే రాక్షసులతో యుద్ధం, పుస్తకంలో లేనే లేని లెగోలస్ అనే ఎల్ఫ్ విలుకాడు మరుగుజ్జుల నెత్తుల మీద అడుగులేస్తూ బాణాలు కొడతాడు. గోదారొడ్డున పుట్టినోళ్ళం, మాకా ఇది చూపించేది? 2022 జూలై వరదకి ఎర్రనీటిలో దుంగలు కొట్టుకొస్తుంటే గట్టుమీద నిలబడి చూశాం. ఏదీ తిన్నగా రాదు. ఒరుగుద్ది, సుడిలో గిర్రున తిరిగి మునుగుద్ది, ఎక్కడో అవతల లేస్తుంది. నోరు తెరిచిన పీపా నిండడానికి ఎంతసేపు పడద్దండి? ఆ భయం, ఆ అవస్థ తీసేసి రంగులరాట్నం చేసిపెట్టారు.

టారియెల్ అనే ఎల్ఫ్ అమ్మాయి ప్రేమకథ ఊసెత్తను, అది పుస్తకంలో లేదు, ఉండక్కర్లేదు.

మొదటి భాగంలో గొల్లమ్ అనే వింతజీవి, బిల్బో వేసుకునే పొడుపుకథలు మాత్రం ఆయ్, అదీ సినిమా అంటే! చీకటి గుహ, ఇద్దరు, మాటలు. గెంతులు లేవు. మా అమ్మ కూడా పని ఆపి కూర్చుంది.

మొదటిది చూడండి, రెండోదాంట్లో డ్రాగన్ మాట్లాడేంతవరకు చూడండి. మూడోది యుద్ధం, యుద్ధం, మళ్ళీ యుద్ధం. సగంలో మా తమ్ముడు రిమోట్ లాక్కుని కబడ్డీ పెట్టేశాడు, నేనూ వద్దన్లేదు. కబడ్డీకి ఈ ప్రొజెక్టర్ బ్రహ్మాండంగా ఉందండి.